కింద పడ్డా పైచేయి మనదే

కొత్తగా మ్యాట్ ఎక్కేవాళ్ళు ఇది చదవనక్కర్లేదు. వాళ్ళని దండీలూ బస్కీలూ తియ్యనివ్వండి, పట్లు నేర్చుకోనివ్వండి. ఇది ఏళ్ళ తరబడి కుస్తీలోనూ నోగీ జియుజిట్సులోనూ నలిగి, చెవులు ముద్దకట్టుకుపోయి, ధవళేశ్వరం నుంచి రాజమండ్రి దాకా పదిమందికీ తెలిసినవాళ్ళ కోసం. మీకు పేరొచ్చింది. దానికోసం పడ్డ కష్టం చాలు. ఇక మిగిలిన పని ఒక్కటే, ఆ పేరుకి పరీక్ష పెట్టే సందర్భం జన్మలో రాకుండా చూసుకోవడం. ఒంట్లో బలం పెరగక్కర్లేదు, కొత్త పట్టు రానక్కర్లేదు. ‘ఆయన్ని ఇంతవరకూ ఎవరూ పడెయ్యలేదు’ అన్న మాట ఊళ్ళో నిలబడితే చాలు. అది ఎలా నిలబెట్టుకోవాలో వరసగా చెబుతాను. ఒక్కటి కూడా వదలకుండా పాటించండి.

1. రాకపోవడంతో మొదలుపెట్టండి

మ్యాట్ మీద లేనివాణ్ణి ఎవడూ పడెయ్యలేడు. అయితే ఊరికే మానేస్తే బద్ధకం అంటారు. కారణం చెప్పాలి, ఆ కారణంలో అంకె ఉండాలి. ఈ విషయంలో ధవళేశ్వరం వాళ్ళంత అదృష్టవంతులు ఇంకెక్కడా లేరు. మన బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే ‘మా మేనమామ వాళ్ళు లంకలో ఉన్నారండి, చూసి రావాలి’ అనండి. రెండో హెచ్చరికకి మేనమామని మీ ఇంటికే తెచ్చేశామని చెప్పండి. మూడోదానికి ఏమీ చెప్పనక్కర్లేదు. నీళ్ళు 11.60 దగ్గర ఆగిపోతే? ‘పైన భద్రాచలం దగ్గర పెరుగుతోందంట’ అనండి, సరిపోతుంది. అడుగుల పక్కన పాయింటు పెట్టి చెప్పిన సాకుని ఇంతవరకూ ఏ కోచ్ కూడా తిరగేసి అడగలేదు.

వరదల కాలం ఎలాగూ జులై నుంచి సెప్టెంబరు దాకా లాగుతుంది. తరవాత కార్తీకమాసం: తెల్లారుజామున నదీస్నానం, ఉపవాసం, వనభోజనాలు. ధనుర్మాసంలో చలి. సంక్రాంతికి కోళ్ళు. ఆ తరవాత పెళ్ళిళ్ళు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు, ఉక్కపోతకి మనిషి మనిషిలా ఉండడు. మళ్ళీ కాలువలకి నీళ్ళు వదిలే రోజుల్లో కాస్త హాయిగా ఉంటుంది. అప్పుడు రండి. వచ్చిన రోజు గ్రూపు ఫోటోలో మధ్యలో నుంచోండి.

2. టేపు చుట్టండి

తప్పనిసరై వచ్చారనుకుందాం. వార్మప్ అయ్యాకే లోపలికి అడుగు పెట్టండి. బ్యారేజీ మీద నడిచి వచ్చానని చెప్పండి. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, మొత్తం 175 గేట్లు దాటి వచ్చినవాడు మళ్ళీ గుంజిళ్ళు తియ్యాలని ఎవరూ అనరు. నిజానికి మీరు మొదటి గేటు దగ్గర టీ తాగి వెనక్కి తిరిగి ఉండొచ్చు. ఫర్వాలేదు.

ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని వేళ్ళకి టేపు చుట్టండి. ముందు చుట్ట కొస గోరుతో వెతకండి. కొస దొరికాక సన్నగా నిలువునా చింపండి. ఉంగరపు వేలు మొదటి కణుపు కింద రెండు చుట్లు, పైన రెండు చుట్లు, మధ్యలో అడ్డంగా ఒకటి. వేలు మడిచి చూడండి. మొహం చిట్లించండి. విప్పేసి మళ్ళీ చుట్టండి. ఇలా నాలుగు వేళ్ళు తెమిలేసరికి రెండు రౌండ్లు అయిపోతాయి. అటుగా వెళ్ళేవాళ్ళు ‘పాపం మాస్టారు, వేళ్ళు పోయినా వచ్చారు’ అనుకుంటారు. బొటనవేలు మాత్రం చుట్టకండి. ఫోన్ చూసుకోవాలి కదా.

3. జోడీని మీరే ఎంచుకోండి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. అందరికన్నా ముందు లేచి వెళ్ళి భుజం తట్టండి. ఎవరిని తట్టాలి? నాలుగు నెలల క్రితం చేరిన కుర్రాణ్ణి. వరసగా నాలుగు రౌండ్లు చేసి గోడకి జారబడినవాణ్ణి. కళ్ళజోడు తీసి గూట్లో పెట్టి తడుముకుంటూ వచ్చేవాణ్ణి. పెళ్ళి కుదిరినవాణ్ణి, వాడు మొహానికి దెబ్బ తగలకుండా చూసుకుంటాడు, మీకు ఎక్కువ పని ఉండదు.

ఎవరి దగ్గరికి పోకూడదో కూడా చెబుతాను. మాట్లాడకుండా మూలన ఒక్కటే టేక్‌డౌన్ పదేపదే వేసుకునే పదహారేళ్ళ పిల్లాడు. సెలవు మీద వచ్చిన మిలిటరీ కుర్రాడు. మీకన్నా ఇరవై కేజీలు తక్కువున్న అమ్మాయి, పడేసిందంటే ఆ కబురు మీకన్నా ముందు ఇంటికి చేరుతుంది. వీళ్ళలో ఎవరైనా ‘అన్నా, ఒక రౌండు?’ అని అడిగితే ‘రారా తమ్ముడూ, నీ కోసమే చూస్తున్నాను, ఈ టేపు అవ్వనీ’ అనండి.

ఒంటి మీద తామర మచ్చ లేచిందా, దాచకండి. పొట్టి చేతుల రాష్‌గార్డ్ వేసుకుని అందరికీ కనబడేలా గోక్కోండి. మొనగాళ్ళు మీ జోలికి రావడం మానేస్తారు.

4. బోర్లా పడుకోండి

ఇది మన విద్యకంతటికీ గుండెకాయ లాంటి చిట్కా. దీనికి చరిత్ర ఉంది.

1910 సెప్టెంబరు 10న లండన్‌లో గామా పహిల్వాన్‌కీ, పోలండ్ మల్లయోధుడు స్టానిస్లాస్ జిబిస్కోకీ కుస్తీ జరిగింది. గామా అప్పటికే అక్కడి మొనగాళ్ళని చిత్తు చేసి ఉన్నాడు. కుస్తీ మొదలవగానే జిబిస్కోని కిందికి దించేశాడు. జిబిస్కో ఏం చేశాడు? బోర్లా పడుకున్నాడు. లేవలేదు. రెండున్నర గంటలకు పైగా మ్యాట్‌ని కరుచుకుని ఉండిపోయాడు. జనం అరిచారు, ఈలలు వేశారు. ఆయన చలించలేదు. గామా తిప్పి చూశాడు, ఎత్తి చూశాడు, లాభం లేకపోయింది. చివరికి కుస్తీ సమానం అన్నారు. గామాని ఎదుర్కొని సమానంగా నిలిచిన మనిషి, నిలబడకుండానే నిలిచాడు.

ఇంకో వారానికి, సెప్టెంబరు 17న, మళ్ళీ పెట్టారు. జిబిస్కో అసలు రానేలేదు. మన మొదటి చిట్కాని ఆయన అప్పుడే కనిపెట్టాడు. గెలిచినవాడికిచ్చే బెల్టు గామాకి ఇచ్చేశారు, అది వేరే సంగతి. బెల్టుకేముంది, పెట్టెలో పడుంటుంది. ఓడిపోలేదన్న మాట ఉంది చూశారా, అది పద్దెనిమిదేళ్ళు నడిచింది. 1928లో పటియాలాలో ఇద్దరికీ మళ్ళీ కుస్తీ జరిగింది. ఈసారి జిబిస్కో నిలబడి తలపడ్డాడు. నిమిషం తిరక్కుండా గామా ఆయన్ని చిత్తు చేశాడు. పడుకున్నన్నాళ్ళూ పడనివాడు లేచి నుంచున్న రోజున పడ్డాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

కాబట్టి గంట మోగగానే మోకాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి పొట్ట మీదికి దిగిపోండి. గడ్డం ఛాతీకి ఆనించండి, మోచేతులు పక్కటెముకలకి అతికించండి. ఎదటివాడు వీపు మీదికి ఎక్కుతాడు, ఎక్కనివ్వండి. గొంతు వెతుక్కుంటాడు, వెతుక్కోనివ్వండి. వాడి బరువు మీ వీపు మీద ఉన్నంతసేపూ మీరు విశ్రాంతిలో ఉన్నట్టే. ఇప్పటి ఫ్రీస్టయిల్ పోటీల్లో ఇలా చేస్తే రిఫరీ ముందు హెచ్చరిస్తాడు, తరవాత ముప్ఫై సెకన్ల గడువు పెడతాడు, ఆ గడువులో ఎవరికీ పాయింటు రాకపోతే ఎదటివాడికి ఒక పాయింటు ఇస్తాడు. మన మ్యాట్ మీద రిఫరీ లేడు. ఆ వరాన్ని వాడుకోండి.

5. రూల్ బుక్కులు రెండు ఉంచుకోండి, వీలైతే మూడు

కుస్తీ మాత్రమే తెలిసినవాడికి ఒక్క చట్టమే తెలుసు. మీకు అన్నీ తెలుసు. అనుభవానికి ఫలం ఇదే.

ఏడీసీసీ అని అబుదాబిలో 1998లో పుట్టిన పోటీ ఉంది. నోగీ వాళ్ళకి అదే పెద్ద తిరణాల. అందులో ఆట మొదటి సగంలో పాయింట్లు లెక్కపెట్టరు. ఫ్రీస్టయిల్ కుస్తీలో మొదటి సెకను నుంచీ లెక్కే: టేక్‌డౌన్‌కి రెండు, గీత బయటికి నెడితే ఒకటి, రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించి పట్టి ఉంచితే ఆట అక్కడితో సరి. జియుజిట్సులో భుజాలు ఆనినంత మాత్రాన ఏమీ కాదు. కుస్తీలో గొంతు పట్టుకోవడం, కీలు విరచడం కుదరదు.

ఇప్పుడు చూడండి ఎంత సుఖమో. మిమ్మల్ని ఎత్తి కుదేశాడా? ‘ఏడీసీసీ లెక్కలో ఇంకా పాయింట్లు మొదలవ్వలేదురా’ అనండి. రెండు భుజాలూ ఆనించి కూర్చున్నాడా? ‘ఇది జియుజిట్సు, ఇక్కడ చిత్తు లేదు’ అనండి. మెడ చిక్కించుకున్నాడా? ‘మనం కుస్తీ కదా ఆడుతున్నాం?’ అని అడగండి, కొంచెం బాధగా. గోడ దాకా నెట్టేశాడా, గీతలు ఎక్కడున్నాయో చూపించమనండి. ఎదటివాడు ఏ పట్టు వేసినా దాన్ని ఒప్పుకోని చట్టం ఒకటి ఉంటుంది, వెతకడమే మీ సాధన. ఇంట్లో రాత్రిపూట స్ప్రాల్ అభ్యాసం చెయ్యడం మాని, ఇవి బట్టీ పట్టండి.

6. పట్టు పడితే పాఠం చెప్పండి

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి దొరికిపోతాం. గిలటిన్ పడింది. కుర్రాడి ముంజేయి మీ గొంతు కిందికి దిగింది, వాడి కాళ్ళు నడుం చుట్టూ బిగిశాయి. చెయ్యి తట్టి ఒప్పుకుంటే పదిమంది చూస్తారు. తట్టకపోతే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఈ రెండింటికీ మధ్య ఒక సన్నటి దారి ఉంది. గొంతులో ఊపిరి ఉండగానే గట్టిగా, అందరికీ వినబడేలా అనండి: ‘ఆఁ, అదీ! మణికట్టు ఇంకొంచెం పైకి. మోచెయ్యి దగ్గరికి లాగు. శభాష్. ఇప్పుడు వదులు.’

వాడు వదుల్తాడు. మాస్టారు వదలమంటే వదలని పిల్లాడు గోదారి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. లేచి వాడి వీపు తట్టి, చుట్టూ చూసి, ‘చూశార్రా, నేను ఇచ్చానని కాదు, వీడు తీసుకున్న తీరు చూడండి’ అనండి. ఓటమి డెమోగా మారిపోయింది. వాడి కళ్ళల్లో గెలిచిన వెలుగు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. ఆరేదాకా అక్కడే నుంచోండి.

7. మోకాలికి సెలవు పెట్టండి

హీల్‌హుక్ గురించి రకరకాల భయాలున్నాయి. మడమ తిప్పితే మోకాలు మెలిపడుతుంది. ఇందులో విశేషం ఏమిటంటే నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసేసరికి లోపల లిగమెంటు తెగిపోయి ఉండొచ్చు. జాగ్రత్తపరులు అందుకే పట్టు బిగియకముందే తట్టేస్తారు. మీరు నొప్పి వచ్చేదాకా ఆగండి. ఆపరేషన్ దాకా వెళ్ళిందంటే మళ్ళీ మ్యాట్ ఎక్కడానికి సుమారు తొమ్మిది నెలలు. ఇంత నికరమైన సెలవు ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ శాంక్షన్ అవ్వదు. వరదలు, కార్తీకాలు, పెళ్ళిళ్ళు, ఒక్కో సాకూ ఏరుకునే బాధ తప్పిపోతుంది. తరవాత జీవితాంతం మెట్లెక్కేటప్పుడల్లా ‘కుస్తీలో పోయిందండి’ అని చెప్పుకోవచ్చు. ఎవరితో ఆడితే పోయిందో మాత్రం చెప్పకండి. ‘పెద్ద పోటీలో’ అని ఊరుకోండి.

8. తినండి

ఒలింపిక్స్‌లో పురుషుల ఫ్రీస్టయిల్ బరువులు 57, 65, 74, 86, 97, 125. ఈ వరసని నెమ్మదిగా ఇంకోసారి చదవండి. 97కీ 125కీ మధ్య ఇరవై ఎనిమిది కేజీల ఖాళీ ఉంది. 97 దాటారంటే ఇక కాటా చూసుకునే పని లేదు. పారిస్‌లో 2024 ఆగస్టులో వినేశ్ ఫోగట్ 50 కేజీల విభాగంలో ఫైనల్ దాకా వెళ్ళి, ఫైనల్ రోజు ఉదయం వంద గ్రాములు ఎక్కువ తూగినందుకు అనర్హురాలైంది. దేశమంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రాత్రంతా చెమటోడ్చినా ఆ వంద గ్రాములు దిగలేదు. 98 కేజీల మనిషికి ఇలాంటి దుఃఖం ఉందా? వంద గ్రాములు కాదు, ఒక పులస మొత్తం తినేసినా రిఫరీ కన్నెత్తి చూడడు.

మన ఊరు ఈ సాధనకి అనువైనది. వరదనీటికి ఎదురీదుతూ పులస బ్యారేజీ దాకా వస్తుంది, మనం ఎదురు వెళ్ళక్కర్లేదు. పులుసు మర్నాడు రుచి, కాబట్టి రెండు పూటలూ తినండి. ఆత్రేయపురం పూతరేకులు బ్యారేజీ దాటితే ఎంతో దూరం కాదు. తాపేశ్వరం మడత కాజా రౌండుకీ రౌండుకీ మధ్య ఒకటి వేసుకుంటే వేళ్ళకి పాకం అంటి పట్టు జారదు. ఎవరైనా వెటకారం చేస్తే విరాటపర్వం చెప్పండి. భీముడు వలలుడు అన్న పేరుతో ఏడాదంతా విరాటుడి వంటింట్లో ఉన్నాడు. జీమూతుడనే మల్లుడు వచ్చినప్పుడు బయటికి వచ్చి వాణ్ణి చంపి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. భారతంలో ఆ మధ్యకాలంలో ఆయన బస్కీలు తీసినట్టు లేదు. వంటిల్లే మీ తాలింఖానా.

9. ఆఖరి పది సెకన్ల కోసం దాచుకోండి

రియోలో 2016లో సాక్షి మలిక్ 58 కేజీల కాంస్య పతకం పోరులో సగం ఆట అయ్యేసరికి 0-5 వెనకబడి ఉంది. చివరికి 8-5తో గెలిచింది, గెలుపు తెచ్చిన పట్టు ఆఖరి సెకన్లలో వేసింది. దీన్నిబట్టి తేలేది ఏమిటి? ఆరు నిమిషాల ఆటలో అయిదు నిమిషాల యాభై సెకన్లు దండగ. ఆమె ఆ ఆఖరి సెకన్లకోసం రోహతక్‌లో చిన్నప్పటి నుంచి రోజూ ఎంత కష్టపడిందో కొందరు చెప్పబోతారు. వినకండి, మనకి కావలసింది వీడియోలో ఆఖరి క్లిప్పు. దాన్నే చూడండి. మీ రౌండులో ఆఖరి పది సెకన్లు రాగానే ‘హూఁ’ అని పెద్దగా అరిచి కాలు పట్టుకోండి. గంట మోగుతుంది. ‘ఇంకో పది సెకన్లు ఉంటేనా!’ అని లేవండి. ప్రతిసారీ ఈ మాట అనొచ్చు, పాతబడదు.

10. కోడి రామమూర్తిగారి పటం తగిలించండి

వీరఘట్టంలో 1882లో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్చి నేర్పి, గొలుసులు తెంచి, ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకుని కలియుగ భీముడు అనిపించుకున్న మహానుభావుడు ఆయన. తెలుగువాళ్ళ బలానికి అంతకు మించిన పేరు లేదు. ఆయన దినచర్య అడిగి తెలుసుకోకండి, గుండె జారిపోతుంది. పటం పెద్దది చేయించి, దాని కింద కుర్చీ వేయించుకోండి. సరిగ్గా పటం కింద, మీ తల ఆయన మీసాలకి కాస్త దిగువగా ఉండేలా కూర్చోండి. వచ్చినవాళ్ళు దణ్ణం పటానికి పెట్టినా మీకే తగులుతుంది.

11. పట్టులో ఆఖరి మెలిక చెప్పకండి

పిల్లలకి నేర్పండి, తప్పదు. సింగిల్ లెగ్ చూపించండి. తల ఏ పక్క పెట్టాలో చూపించకండి. ఆర్మ్ డ్రాగ్ చూపించండి, లాగాక అడుగు ఎటు వెయ్యాలో మింగేయండి. వాళ్ళు వేసినప్పుడల్లా పట్టు విడిపోతుంది, వాళ్ళు మీ మొహం చూస్తారు, ‘అనుభవం మీద వస్తుందిరా’ అనండి. ఏడాది ఇలా చేస్తే తెలివైనవాళ్ళు విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళిపోతారు. పదహారేళ్ళ పిల్లాడు అందరికన్నా ముందు వెళ్తాడు, వాడి పీడ విరగడవుతుంది. టెక్నిక్ లేనివాళ్ళు ఇంకో ఆరు నెలలు ఉండి, విసిగి, జిమ్‌లో బరువులెత్తుకోవడానికి పోతారు. కళ్ళజోడు కుర్రాడు అందరికన్నా ఎక్కువ రోజులు ఉంటాడు. మంచివాడు. వాడి పెళ్ళికి వెళ్ళి రండి, తరవాత వాడూ రాడు.

12. తాళంచెవి తీసుకోండి

మ్యాట్ మొత్తం మీదైంది. పడేసేవాడు లేడు, అడిగేవాడు లేడు, ఫ్యాను గాలి అంతా మీ కుర్చీకే. వానాకాలంలో మ్యాట్ చివర్లు పైకి లేచి బూజు పడితే దాని మీద పాత ఫ్లెక్సీ కప్పండి, మీ ఫోటో ఉన్నది పైకి వచ్చేలా. అద్దె నాలుగు నెలలు బాకీ పడేదాకా ఓనరు ఏమీ అనడు. అంటే, గోదారి ఎన్ని అడుగులుందో చెప్పండి. గుమ్మం మీద ‘నోగీ, కుస్తీలో ఉన్నత స్థాయి శిక్షణ. ప్రవేశాలు జరుగుచున్నవి’ అని ఎర్ర రంగుతో బోర్డు రాయించండి. ఫోన్ నంబరు మాత్రం వేయించకండి.